రాయి దొరికినవాడు, రాయి కొన్నవాడు

గుంతకల్లు నుండి బళ్ళారికి పోవు దారిలో విడపనకల్లు అను ఊరు కలదు. నల్లరేగడి చేలు, నడుమనడుమ రాతిగుట్టలు, మబ్బువైపు చూచుచు కాలము గడుపు రైతులు - ఇదియే ఆ సీమ స్వరూపము. అనంతపురము జిల్లాలో ఏటికి సగటున కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు మాత్రమే. అదియు అదనుకు వచ్చునన్న నమ్మకము లేదు. ఆ ఊరిలో మా చెల్లెలి ఇల్లున్నది. గత వేసవిలో నేనక్కడికి పోయినపుడు ఆమె గడపలోనే ఎదురై, "అన్నా, నీవన్నా వానికి బుద్ధి చెప్పు. పగలనక రాత్రనక సెల్లులో జూదమాడుతున్నాడు" అని వాపోయెను.

మేనల్లుడు డిగ్రీ చదువుచున్నవాడు. వేపచెట్టు క్రింద మంచము వాల్చుకొని కూర్చుండి యుండెను. "ఏమిరా అల్లుడా, జూదమంట?" అని అడిగితిని.

"జూదం కాదు మామా, యాపారం. రాళ్లు కొంటాండా, రాళ్లు అమ్ముతాండా."

"ఈ పొద్దు ఎంత మిగిలింది?"

"ఐదువేల ఎనిమిది నూర్లు."

"రూపాయలా?"

వాడు నవ్వెను. "కాదు మామా, ఆటలో నాణేలు. వీటితో ఇక్కడ బీడీకట్ట కూడా రాదు."

ప్రక్కన అరుగుపై కూర్చున్న మా బావ ఆ మాట విని నిట్టూర్చెను. ఆయన అంతకు ముందటి సంవత్సరము పండిన శనగలను కళ్ళములోనే, లారీతో వచ్చిన కొనుగోలుదారునికి తూచి యిచ్చివేసెను. అప్పుల గడువు ముంచుకొని వచ్చుటయే దానికి కారణము. రెండు నెలలు తిరుగకుండ ధర పెరిగినది. ఆ సంగతి ఆ యింట ఎవరును మరువలేదు. మేనల్లుడు తండ్రివైపు చూడకయే, "ఆటలో ఎవరెంతకు కొన్నారో, ఎంతకు అమ్మినారో నాకు కనపడుతుంది మామా. నాయన శెనగలమ్మిన పొద్దు ఆయనకేం కనపడింది?" అనెను.

ఆ ప్రశ్నకు మా బావ బదులు చెప్పలేదు. నేనును చెప్పలేకపోతిని. చరిత్ర చదువుకొన్నవాడను గనుక దానికి బదులు చరిత్రలో వెదకితిని. ఈ ప్రసంగము ఆ వెదకులాటయే.

ముందు ఆ ఆటలోని అంగడి యెట్టిదో తెలిసికొందము. ఇంగ్లండులో ఆండ్రూ గవర్, అతని సోదరుడు పాల్ మొదలైనవారు కూడి 2001 జనవరిలో రూన్‌స్కేప్ అను ఆటను అంతర్జాలమున వెలువరించిరి. వేలకొలది ఆటగాండ్రు ఒకే కాలమున ప్రవేశించి సంచరింపగల ఊహాలోక మది. అందు చెట్లు కొట్టవచ్చును, చేపలు పట్టవచ్చును, గనులు త్రవ్వి లోహములను, చెక్కని వజ్రములను సంపాదింపవచ్చును, భూతములను చంపి అవి విడిచిన సొమ్ము గైకొనవచ్చును. ఇట్లు దొరికిన వస్తువులను ఆటగాండ్రు తమలో తాము అమ్ముకొందురు. అందు చెల్లు నాణెము బంగారు కాసు.

తొలి దినములలో ఆ లోకమున అంగడి యనునది ప్రత్యేకముగా లేదు. వారోక్ అను ఊహానగరమున ధనాగారము ముందర ఆటగాండ్రు గుమిగూడి, తాము అమ్మదలచిన దానిని, కోరు ధరను అక్షరములలో ప్రకటించుచుండిరి. అది మన వారపు సంత వంటిది. గొంతు గలవాని సరుకు పోవును, లేనివాని సరుకు మిగిలిపోవును. ధర తెలిసినవాడు తెలియనివానిని సులభముగ మోసగించును. 2007 నవంబరులో ఆ సంస్థ ఒక మహావిపణిని నెలకొల్పెను. అమ్మదలచినవాడు తన వస్తువును, కోరు ధరను అందు నమోదు చేసి పోవును. కొనదలచినవాడును అట్లే చేయును. ఇద్దరి ధరలు కలిసినపుడు యంత్రమే మారకమును పూర్తి చేయును. ఇద్దరును ఒకరినొకరు చూడనక్కర లేదు. ఒక్కొక్క సరుకును నాలుగు గంటలలో ఇంతకు మించి కొనరాదను హద్దు కలదు. ఒకే ధనికుడు సరుకునంతను మూటగట్టకుండుటకు ఏర్పరచిన కట్టుబాటది. ఆ ఆట యొక్క పాత రూపమును కోరినవారి కొరకు 2013లో వేరొక ఆటగా దానిని మరల తెచ్చిరి. 2015లో ఆటగాండ్ర సమ్మతితో అందును మహావిపణి వెలసెను. మా మేనల్లుడు ఆడునది అదియే.

వాని వ్యాపార రహస్యము చాల చిన్నది. వెంటనే సొమ్ము కావలసినవాడు వజ్రమును కొంత తగ్గించి అమ్మును. వెంటనే వజ్రము కావలసినవాడు కొంత హెచ్చించి కొనును. ఈ రెంటి నడుమ నున్న సందులో ఓపికతో కూర్చున్నవానికి లాభము. ఉదాహరణమునకు, 2,000 కాసులకు కొన్న రాతిని 2,100 కాసులకు అమ్మినాడనుకొందము. విపణి యజమానులు అమ్మకముపై నూటికి రెండు చొప్పున సుంకము తీసికొందురు గనుక 42 కాసులు పోవును. రాయి ఒక్కింటికి 58 కాసులు మిగులును. నూరు రాళ్ళకు 5,800. అదే రాతిని 2,040కి అమ్మినచో సుంకము పోగా అసలు మాత్రమే చేతికి వచ్చును. ఈ సుంకము 2021 డిసెంబరులో నూటికి ఒకటిగా ఆరంభమై 2025 మే మాసములో రెండైనది. దానిలో కొంత భాగముతో విపణిలోని వస్తువులనే కొని నాశనము చేయుదురు. సరుకు పేరుకొనిపోయి ధరలు పడిపోకుండుటకు ఇది యొక యుపాయము.

ఇది విన్నపుడు నాకొక పాత కథ జ్ఞాపకమునకు వచ్చెను. విడపనకల్లుకు పొరుగుననే వజ్రకరూరు కలదు. తొలకరి వానలు కురిసి నేల కడుగబడగానే ఆ చేలలోను, కర్నూలు సీమలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములలోను జనులు వంగిన నడుములతో, నేలమీదనే చూపు నిలిపి రాళ్ళు వెదకుచుందురు. కూలి పనులు మానుకొని, సద్దిమూటలు కట్టుకొని దూరపు ఊళ్ళనుండి వచ్చువారు నేటికిని కలరు. అదృష్టము కలిసివచ్చి మెరయు రాయి దొరికినచో దానిని కొనుటకు వ్యాపారులు సిద్ధముగా నుందురు. ఇంతకు, ధర చెప్పువాడెవడు? దొరికినవాడు కాదు, కొనువాడే.

ఈ వ్యవహారము నేటిది కాదు. 1535 ప్రాంతమున విజయనగరమును గూర్చి వ్రాసిన ఫెర్నావ్ నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు, వజ్రముల గనులు గల సీమను ఏలు నాయకుని ప్రస్తావించెను. ఆ సీమ మన గుత్తి ప్రాంతమేయని రాబర్ట్ సూయల్ అభిప్రాయపడెను. ఆ గనులను గుత్తకు తీసికొన్నవాడు ఏటికి 40,000 వరహాలు చెల్లించుటయే గాక, ఇరువది మంజాడులకు మించి తూగు ప్రతి రాతిని రాజు బొక్కసమునకు ఒప్పగింపవలెనట. అనగా చిన్న రాళ్ళు వర్తకులవి, పెద్ద రాళ్ళు రాజువి. త్రవ్వినవానికి ఏమి దక్కెనో నూనిజ్ చెప్పలేదు.

ఆ రాజధానిలోని సంతలను గూర్చి 1520 ప్రాంతమున వచ్చిన డొమింగో పేస్ ఆశ్చర్యముతో వ్రాసెను. పట్టణమున ఏదో ఒక భాగమున ప్రతిదినమును సంత జరుగుచుండెనట. కెంపులు, వజ్రములు, ముత్యములు, పచ్చలు వీధిలో అమ్ముచుండిరట. వర్తకుల వలన రాజునకు కలిగిన లాభము తక్కువది కాదు. పట్టణద్వారములలో ఒకదాని సుంకమునే ఏటికి 12,000 వరహాలకు గుత్తకిచ్చిరనియు, గుత్తదారు కోరినంత చెల్లింపనివాడు ఆ ద్వారమున అడుగిడలేడనియు నూనిజ్ తెలిపెను. అంగడి ఉన్నచోట సుంకము తప్పదు. ఊహాలోకపు అంగడియు అందుకు తప్పించుకొనలేదు.

నాణెముల మాట కూడ ఇచట చెప్పుకొనవలెను. 1443లో పారశీక రాయబారియై వచ్చిన అబ్దుర్ రజాక్, విజయనగరపు నాణెముల లెక్కను వివరముగ వ్రాసి పెట్టెను. వరహాలో సగము ప్రతాపము. ప్రతాపములో పదియవ వంతు పణము. ఇవి బంగారువి. పణములో ఆరవ వంతు వెండి తార. తారలో మూడవ వంతు రాగి జీతలు. వీనిలో పణమే జనులకు ఎక్కువగ పనికివచ్చుచుండెనని అతడు చెప్పెను. ఇట్లు బంగారము, వెండి, రాగి మూడును ఒకే అంగడిలో చెల్లుచున్నపుడు, ఒక లోహపు ధర పెరిగి వేరొక దాని ధర తరిగినచో ఆ సందున లాభము తీయువాడు పుట్టక మానడు. అతడే మన సరాఫు.

విజయనగరము పడిపోయిన తరువాత సరాఫు మరింత బలపడెను. పాలకులు మారినకొలది నాణెములు మారెను. గుత్తి కోట మురారిరావు ఘోర్పడే చేతినుండి 1776లో హైదరు వశమయ్యెను. టిప్పు దానికి ఫైజ్ హిసార్ అని పేరిడి అక్కడ టంకశాల నడిపెను. 1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి దత్తము చేసెను. ధర్మప్రభువని మన పల్లెలలో పేరొందిన థామస్ మన్రో ఇక్కడ 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతికి పాదు కట్టెను. రైతు చేతికి వచ్చు నాణెమొకటి, కచ్చేరిలో శిస్తుకు చెల్లు నాణెము వేరొకటి అయినపుడు నడుమ సరాఫు నిలిచి వట్టము పట్టుకొనును. అరిగిన నాణెమునకు కొంత, పరదేశపు ముద్ర గల నాణెమునకు కొంత, శిస్తు గడువు దగ్గర పడినపుడు మరికొంత. 1818లో మద్రాసు రాజధానిలో వెండి రూపాయిని ప్రమాణముగ చేసి, నూరు వరహాలకు 350 రూపాయలుగ లెక్క నిర్ణయించిరి. 1835లో కంపెనీ రాజ్యమున కంతటికిని ఒకే రూపాయి ఏర్పడెను. నాణెముల సందు పూడినది. సరాఫు లాభము సన్నగిల్లినది. అంగడిలో తెలియనితనము తగ్గినకొలది నడిమివాని పాలు తగ్గుననుటకు ఇది యొక నిదర్శనము.

అయినను మా మేనల్లునికి తగిన పోలిక సరాఫు కాదు. వానికి తగినవారు వేరే కలరు. పదునేడవ శతాబ్దిలో గోలకొండ, విజాపుర రాజ్యములలోని వజ్రపు గనులను చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే తన యాత్రలను 1676లో ప్రకటించెను. అందు రావులకొండ అను గనివద్ద తాను చూచిన ఒక దృశ్యమును అతడు వర్ణించెను. ఆ చోటును కర్నూలు సీమలోని రామళ్ళకోటగా కొందరు పండితులు గుర్తించిరి. ప్రతి ఉదయమును అక్కడి పెద్దచెట్టు క్రింద వర్తకుల బిడ్డలు వచ్చి కూర్చుందురు. వారి వయస్సు పది మొదలు పదునైదు, పదునారు ఏండ్లు. ఒక్కొక్కని నడుమున ఒకవైపు తూనికరాళ్ళ సంచి, వేరొకవైపు వరహాల సంచి వ్రేలాడుచుండును. కొందరి సంచిలో 600 వరహాలు కూడ నుండును. ఎవడైన రాయి తెచ్చి అమ్మజూపినచో దానిని ముందుగా ఆ గుంపులో పెద్దవాని చేతికిత్తురు. అతడు చూచి ప్రక్కవానికిచ్చును. మాటయైన లేకుండ రాయి చేతులు మారి మరల పెద్దవానిని చేరును. అప్పుడతడు బేరమాడును. ఎక్కువ పెట్టి కొన్నచో ఆ నష్టము వానిదే. సాయంకాలము కాగానే కొన్న రాళ్ళనన్నిటిని ఒకచోట పోసి, నీటిని, బరువును, నిర్మలత్వమును చూచి వేరుచేసి, ధర కట్టి పెద్ద వర్తకులకు అమ్ముదురు. వచ్చిన లాభమును అందరును సమముగ పంచుకొందురు. పెద్దవానికి మాత్రము నూటికి కాలు వంతు హెచ్చు. అంత చిన్నవారయ్యు రాళ్ళ ధరలు వారికి కరతలామలకములు. ఒకడు కొన్న రాతిని నూటికి అర వంతు నష్టమునకు ఇచ్చెదనన్నచో వేరొకడు అక్కడికక్కడే సొమ్ము పోయునట.

ఈ వర్ణనము చదువుచుండగా నా కన్నుల యెదుట వేపచెట్టు క్రిందనున్న మా మేనల్లుడు కనబడెను. చెట్టు, బాలుడు, రాయి, నాణెము - నాలుగును ఉన్నవి. అన్నిటికంటె వింత యేమనగా, రావులకొండలో జరుగు ప్రతి కొనుగోలుపై రాజునకు చెల్లింపవలసిన సుంకము నూటికి రెండే. టావెర్నియే ఆ సంగతిని స్పష్టముగ వ్రాసెను. మూడువందల యేండ్లకు పైబడిన తరువాత ఊహాలోకమున వజ్రము అమ్మువాడు చెల్లించు సుంకమును అంతే!

కాని అదే గ్రంథమున మరికొన్ని పంక్తులు కలవు. వానిని చదివినపుడు మనస్సు కలతపడును. పనిలో ఆరితేరిన త్రవ్వకగాండ్రకు ఏడాదికి ముట్టునది మూడు వరహాలు మాత్రమే. కడుపు నిండక వారు రాళ్ళు దాచుకొనుచుండిరి. ఒకడు తన కంటి కొలకులో రాతిని దాచి పట్టుబడిన సంగతిని టావెర్నియే వ్రాసెను. పెద్ద రాయి దొరికించి నిజాయితీగ ఒప్పగించినవానికి బహుమానమేమి? తలపాగాకు సరిపడు ఒక గుడ్డ, కొంచెము సొమ్ము లేదా కొంత బియ్యము, ఒక పళ్ళెము చక్కెర. చెట్టు క్రింద కూర్చున్న పదునాలుగేండ్ల బాలుని నడుమున 600 వరహాలు. గనిలో త్రవ్విన పెద్దవాని యేడాది చెమటకు 3 వరహాలు. రెండు వందల ఏండ్ల కూలి ఆ పిల్లవాని సంచిలో నున్నదన్నమాట.

ఇంత అంతరము ఎందువలన వచ్చినది? బాలుడు మోసగాడని కాదు. అతడు చేసినదియు ఒక పనియే. అమ్మువానికి వెంటనే సొమ్మిచ్చుట, రాతిని వేరుచేసి తగిన కొనుగోలుదారుని చేర్చుట అంగడికి అవసరమైన సేవలే. అంతరమునకు కారణములు రెండు. ఒకటి, ధర యెరుగుట. రెండు, వేచియుండగలుగుట. త్రవ్వినవానికి రాతి ధర తెలియదు. తెలిసినను సాయంకాలమునకు గింజలు కావలెను గనుక వేచియుండలేడు. బాలునికి ధర తెలియును. ఇంట బువ్వ యున్నది గనుక వేచియుండును.

ధరను దాచుటకు ఆనాటి వర్తకులు కనిపెట్టిన ఉపాయమును కూడ టావెర్నియే చెప్పెను. కొనువాడును అమ్మువాడును ఎదురెదురుగ కూర్చుండి, గుడ్డ మాటున చేతులు కలిపి, నోట మాటలేకుండ బేరమాడుదురు. చేయి మొత్తము పట్టినచో వేయి, ఐదు వ్రేళ్ళు పట్టినచో ఐదు వందలు, ఒక వ్రేలు పట్టినచో నూరు, వ్రేలి నడిమి కణుపు వరకు పట్టినచో ఏబది, కొన పట్టినచో పది. చుట్టును పదిమంది యున్నను ధర ఒక్కనికిని తెలియదు. మన పశువుల సంతలలో దళారులు పైపంచ మాటున వ్రేళ్ళు పట్టి బేరమాడుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. ఊహాలోకపు మహావిపణి తీసివేసినది ఆ పైపంచనే. అందు దొరికినవానికిని, కొన్నవానికిని ధర ఒకే రీతిగ కనబడును. మా మేనల్లుడు తండ్రిని గూర్చి అడిగిన ప్రశ్నలోని సారమదియే.

ఇంతటితో ముగించినచో ప్రసంగము సుఖాంతమగును. కాని ధర కనబడినంత మాత్రమున అన్యాయము తొలగునా? తొలగదని ఈ సీమయే చూపినది. 1876లో వానలు తప్పి దక్షిణదేశమంతట మహాక్షామము వ్యాపించెను. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా అగువరకు ఈ సీమ బళ్ళారి జిల్లాలోనిదే. క్షామము కఠినముగ పీడించిన జిల్లాలలో బళ్ళారి యొకటి. అప్పటికి రైలు వచ్చియే యున్నది. మద్రాసు నుండి రాయచూరు వరకు దారి 1871లో పూర్తియయ్యెను. తంతి తీగెలును ఉండెను. ఏ ఊరిలో ధర యెంతయో వర్తకునికి గడియలలో తెలియుచుండెను. కాని తెలిసికొని చేయగలిగినదేమి? కొనుటకు కూలివాని చేత కాసు లేదు. ఆ యేటి చివర మద్రాసు ప్రభుత్వము ఒక వర్తక సంస్థ ద్వారా రహస్యముగ 30,000 టన్నుల ధాన్యము కొనుటకు పూనుకొనగా, వ్యాపారములో సర్కారు చేయి పెట్టరాదని పై ప్రభుత్వము మందలించెను. ధర పెరిగినచో సరుకు తనంతట వచ్చునని వారి సిద్ధాంతము. సరుకు వచ్చెను గాని కొనలేనివాని వాకిటికి రాలేదు. 1878 వరకు సాగిన ఆ క్షామమున లక్షలకొలది జనులు మరణించిరి.

ఆటలోని అంగడికిని, ఊరిలోని అంగడికిని గల భేదమిదియే. అక్కడ ధర తప్పి కొన్నవాడు మరునాడు మరల ఆడును. ఇక్కడ ధర తప్పినవాడు ఎద్దులనమ్మును, పొలము కుదువపెట్టును, బెంగుళూరుకు వలసపోవును.

ఊహాలోకమున కూడ ఈ రెండు అంగళ్ళ నడుమనున్న గోడ అప్పుడప్పుడు పగిలినది. 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రనోవా అను అమెరికా ఆర్థికవేత్త, ఎవర్‌క్వెస్ట్ అను ఆటలోని నాణెములు అంతర్జాలమున డాలర్లకు అమ్ముడుపోవుట చూచి లెక్కవేసెను. తల యొక్కింటికి వచ్చు ఉత్పత్తిలో ఆ ఊహాదేశము రష్యా, బల్గేరియాల నడుమ నిలుచుచున్నదని తేల్చెను. 2012లో డయాబ్లో అను ఆట యొక్క మూడవ భాగమున నిజమైన డబ్బుతో వస్తువులు కొనుటకు వేలము తెరచిరి. వస్తువులు వెదకి సంపాదించుటలోని ఆనందమే చచ్చినదని తెలిసికొని 2014 మార్చిలో మూసివేసిరి. వెనెజులా దేశమున నాణెము విలువ కుప్పకూలిన దినములలో, అక్కడి యువకులు పలువురు మా మేనల్లుడు ఆడు ఆటలోనే రాత్రింబవళ్ళు భూతములను చంపి, కాసులు ప్రోగుచేసి, పరదేశీయులకు డాలర్లకు అమ్మి ఇంటికి ఆహారము తెచ్చుకొనిరి. ఆట నియమములను బట్టి అది నేరము. పట్టుబడినవానికి ప్రవేశము నిషిద్ధము. వారికి అది ఆట కాలేదు, గనిలో కూలియే అయ్యెను. త్రవ్వినవాడు ఒక దేశమున, కొన్నవాడు వేరొక దేశమున - రావులకొండ మరల వెలసినది.

ఇక మా చెల్లెలి మాట. పందెము కాచి ఆడు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టముచే నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టము చేసెను. చీట్లాటలోను పందెములలోను అప్పులపాలై బ్రతుకులు తీసికొన్న యువకుల తల్లులను తలచినపుడు ఆమె భయము అకారణమని ఎట్లనగలము? కనుక ఆ సాయంకాలము మేనల్లుని ఒకే మాట అడిగితిని: "ఇందులో ఇంటి డబ్బు ఒక్క రూపాయి పెట్టినావా?" లేదనెను. "ఆ కాసులను ఎవరికైనా డబ్బుకు అమ్మినావా?" అమ్మలేదనెను. ఫోను నా చేతిలో పెట్టి లెక్కలన్నియు చూపెను. నూలుపోగంత అబద్ధము లేదు. చెల్లెలితో, "ఇది జూదం కాదమ్మా. కానీ దీనికి పొద్దు ఖర్చవుతుంది, ఆ పొద్దు చదువుది" అంటిని. ఆమె పూర్తిగ సమాధానపడలేదు. పడనవసరము లేదు కూడ.

తరువాత వానితో చెప్పితిని. "నీ వ్యాపారంలో నీకున్న బలం తెలివి ఒక్కటే కాదురా అల్లుడా. నీవు రేపటిదాకా కాచుకోగలవు. ఆ కాసులు నీ కూడు కావు గనక. మీ నాయన ఎందుకు కాచుకోలేకపోయినాడో అది కూడా నీ లెక్కలో రాసుకో." వాడు చాలసేపు మాటాడలేదు.

పల్లెలోని పైపంచను తీసివేయు ప్రయత్నములును జరుగుచున్నవి. 2016 ఏప్రిల్ 14వ తేదీన కేంద్ర ప్రభుత్వము జాతీయ వ్యవసాయ విపణిని అంతర్జాలమున ఆరంభించెను. వేరువేరు యార్డులలోని ధరలను ఒకేచోట చూచుటకు, దూరపు కొనుగోలుదారుడు ధర పాడుటకు అందు వీలు కలదు. అది ధరను చూపును. మంచిదే. కాని పంటను రెండు నెలలు నిలువచేయుటకు గిడ్డంగి, ఆ రెండు నెలలు అప్పులవాడు తలుపు తట్టకుండుటకు తగిన పరపతి - ఈ రెండును లేనిచో కనబడిన ధర రైతునకు అద్దములోని అన్నమే. విజయనగరపు కాలము మొదలు నేటివరకు దొరికించినవానికి, పండించినవానికి కొరతపడినది వస్తువు కాదు. ధర యొకటి, గడువు యొకటి.

నేను తిరిగి బయలుదేరిన దినమున తొలకరి చినుకులు రాలెను. బస్సు నిలుచు చోటువరకు మేనల్లుడు సంచి మోసికొని వచ్చెను. అక్కడ నలుగురైదుగురు పొరుగూరివారు సద్దిమూటలతో వజ్రకరూరు పోవుటకు నిలుచుండిరి. రాళ్ళు వెదకుటకేయని చూపులోనే తెలియుచుండెను. వారిలో ఒక ముసలివానిని వాడు, "తాతా, రాయి దొరికితే ఎవరికిస్తావు?" అని అడిగెను. "ఎవడు ముందొస్తే వానికి నాయనా" అనెను ఆ ముసలివాడు. మేనల్లుడు నావైపు చూచెను. "తొందరపడొద్దు తాతా. నలుగురికి చూపించు, నలుగురితో ధర చెప్పించుకో. ఆ తర్వాతనే ఇయ్యి" అని మెల్లగా చెప్పి, నా సంచి బస్సులో పెట్టెను.